క్షమాపణ ఎవరికి?



కార్తీకం వస్తే మా పాత నల్లగొండ జిల్లాల బస్సులన్నీ యాదగిరిగుట్టకే. జంటలు జంటలుగా కూర్చొని సత్యనారాయణ వ్రతం చేస్తరు. కథ అయిపోయినంక అయ్యగారు క్షమాప్రార్థన చెప్పిస్తడు. మంత్రంల లోపమున్నా, చేసిన పనిల లోపమున్నా, భక్తిల లోపమున్నా నిండినట్టే ఎంచు స్వామీ అని దాని సారం. తర్వాత ఉద్వాసన, ప్రసాదం.

మనిషి వంగుడు మంచిదే, నాకు పేచీ లేదు. కానీ ఆ లోపాల జాబితాల తోటి మనిషి ఎక్కడ?

విచిత్రమేందంటే, కథల ఉన్నడు. ఐదో అధ్యాయంల తుంగధ్వజుడనే రాజు వేట నుంచి వస్తుంటే చెట్టు కింద గొల్లలు వ్రతం చేసుకుంటుంటరు. ప్రసాదం తెచ్చిస్తే గర్వంతో తినడు. కొడుకులు పోతరు, సంపద పోతది. మళ్లీ ఆ గొల్లల దగ్గరికే పోయి, వాళ్లతో కూర్చొని పూజ చేసినంకనే అన్నీ తిరిగొస్తయి.

ఈ కథ చదివే అయ్యగారు మాల మాదిగ ఇంటికి గృహప్రవేశం వ్రతానికి వస్తే (వస్తే గనక!) పంక్తిల కూర్చోడు. బియ్యం, పప్పు, కూరగాయలు స్వయంపాకం మూటగట్టుకొని పోతడు. 'రెడ్ల ఇంట్ల గూడ తినడు కదా' అంటరు మనోళ్లే కొందరు. రోగం ఇంకో నలుగురికి తగిలితే ఆరోగ్యమైతదా? రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. ఆ మూటను మాత్రం ఏ పోలీసూ ఆపడు.

ఇదే కార్తీకంల పాలమూరుల కురుమూర్తి జాతర. చిన్నచింతకుంట మండలం చిన్న వడ్డెమాన్‌ల మాదిగలు దీక్ష పట్టి, తోలుతోటి స్వామికి ఉద్దాలు కుడతరు. అంటే చెప్పులు. ఊరేగింపుల వాటిని తాకాలని జనం ఎగబడతరు. ఉద్దాల గుడిల పూజ చేసేది గూడ దళితులే. ఆ ఉద్దాలతోటి నెత్తి మీద, వీపు మీద కొట్టించుకుంటే పాపం పోతదని పెద్ద కులాలోళ్లు సైతం తల వంచుతరు. అదే తోలు పని పేరు మీద మనల్ని ఊరవతల పెట్టిండ్రు. జాతరనాడు వంగిన తల తెల్లారి ఆ వాడకు పోయి మంచినీళ్లు తాగుతదా? ఉద్దాలు కుట్టిన చెయ్యి గుట్ట మీది గర్భగుడిల హారతి ఎప్పుడు పడతది?

వ్రతం చేసుకోవద్దని నేనెవరికీ చెప్త లేను. మా ఇండ్లల్ల గూడ చేస్తరు. చదువుకుంటున్న తమ్ముళ్లు, చెల్లెండ్లు ఒక పని చేయండి. ఈసారి ఇంట్ల వ్రతమైతే, క్షమాప్రార్థన ముగిసినంక అయ్యగారికి మర్యాదగానే ఒక విస్తరి వేయండి. 'ఐదో అధ్యాయం ఇప్పుడే చదివిండ్రు గదా, కూర్చోండి పంతులుగారూ' అనండి. ఏమన్నడో కింద రాయండి.