విద్యుత్ కారు దోషసంకేతములు: రవాణాశాఖామాత్యులకు బహిరంగ లేఖ

ఆర్యా,

2024 నవంబరునందు తెలంగాణ ప్రభుత్వమువారు విద్యుద్వాహనములకు రోడ్డు పన్నును, రిజిస్ట్రేషను రుసుమును మినహాయించుట మిక్కిలి శ్లాఘనీయము. అయితే హనుమకొండ చౌరస్తాలో అట్టి కారు హఠాత్తుగా నిలిచిపోయి, తెరపై హెచ్చరికలన్నియు ఒక్కసారిగా వెలుగునప్పుడు, లక్షల విలువగల పెద్ద బ్యాటరీయే చెడినదని యజమాని తల్లడిల్లును. కాని కారులోని కంప్యూటర్లను మేల్కొలిపి, ఆ పెద్ద బ్యాటరీని మోటారుతో కలుపు కాంటాక్టర్లను కదల్చునది 12 వోల్టుల చిన్న బ్యాటరీయే గనుక, అది క్షీణించినచో లేని దోషములుసైతము ఉన్నట్లు తోచుట సాధారణము. మొదట దాని వోల్టేజిని కొలిచి, పిదప ఆ కంప్యూటర్లు నమోదుచేసిన దోషసంకేతములను చదివి, తుదకు మాత్రమే సాఫ్ట్‌వేర్ జోలికి పోవుట సరియైన క్రమము. ఈ విద్య మన వరంగల్లు మెకానికులకు అసాధ్యమెంతమాత్రమును గాదు. సంకేతముల అర్థమును, వానిని చదువు పరికరమును తయారీసంస్థలు న్యాయమైన వెలకు వారికి అందించునట్లు నిబంధన చేయించుటకై కేంద్రప్రభుత్వమును గట్టిగా కోరవలసినదిగా ప్రార్థించుచున్నాను.

ఇట్లు,
వరంగల్లు పౌరుడొకడు