రూపాయి ముప్పావలా కథలో కూతురెక్కడ?

మద్రాసు 'హిందూ' పుట్టుక గురించి ఎక్కడ చదివినా ఆ అప్పు తెచ్చిన రూపాయి ముప్పావలా కనిపిస్తుంది. 1878 సెప్టెంబరు 20న ఆరుగురు యువకులు ఆ డబ్బుతో 80 కాపీలు అచ్చువేశారు. ముత్తుస్వామి అయ్యర్ హైకోర్టు జడ్జి కావడం ఆంగ్లో ఇండియన్ పత్రికలకు కంటగింపైంది. వీళ్లకు కోపం వచ్చింది. న్యాయమైన కోపమే.

నా పేచీ ఆ తర్వాతి కథతో. ఆ పత్రిక రాజకీయాలేమిటని అడిగితే చరిత్రకారులు ఒకే కొలబద్ద తీస్తారు. తెల్లవాడి ముందు ఎంత వంగింది, ఎంత నిలబడింది? ఈ లెక్కన సంపాదకుడు జి. సుబ్రహ్మణ్య అయ్యర్ 1885 బొంబాయి కాంగ్రెసులో మొదటి తీర్మానం ప్రవేశపెట్టడం రాజకీయం. 1889లో, పత్రిక దినపత్రికైన ఏడాదే, వితంతువైన కూతురు శివప్రియమ్మాళ్‌కి మళ్లీ పెళ్లి చేసి బంధువుల వెలిని భరించడం మాత్రం 'సంఘసంస్కరణ'. ఆయన ధైర్యానికి ఒక కితాబు, అంతే. ఆ పిల్లకి ఏం కావాలో ఎవరైనా అడిగారా అన్న ఊసు లేదు.

ఈ గీత తనంతట తాను పడింది కాదు, మనుషులు గీసింది. 1895 పూనాలో తిలక్ వర్గం పట్టుబట్టి సోషల్ కాన్ఫరెన్సును కాంగ్రెసు పందిరిలో అడుగుపెట్టనివ్వలేదు. మద్రాసులో 1898లో సుబ్రహ్మణ్య అయ్యర్ 'హిందూ' వదిలి 'స్వదేశమిత్రన్'కి వెళ్లిపోయారు. భాగస్వామి వీరరాఘవాచారియార్‌తో సంస్కరణ విషయంలో పొసగలేదు. దీన్ని ఇద్దరు పెద్దమనుషుల అభిప్రాయభేదంగా చదివి పేజీ తిప్పేస్తాం. పత్రిక యాజమాన్యాన్నే రెండుగా చీల్చిన ప్రశ్న రాజకీయం కాకపోతే మరేది రాజకీయం? 1905లో కస్తూరి రంగ అయ్యంగార్ 75,000 రూపాయలకు కొన్న చోట అధ్యాయం మారుస్తారు. మారాల్సింది 1898 దగ్గర.

మనమూ తక్కువేం తినలేదు. 1881 రాజమండ్రి అనగానే వీరేశలింగం అంటాం. ఆ పెళ్లికూతురు గౌరమ్మ పేరు ఎంతమంది పాఠంలో చెబుతున్నాం?

అయితే సుబ్రహ్మణ్య అయ్యర్‌ని మనవైపు వీరుణ్ణి చేసుకోమనడం లేదు. ఆ గొడవంతా అగ్రవర్ణాల ఇళ్లలోది. ఎన్నో శ్రామిక కులాల్లో అప్పటికే మారుమనువు మామూలు సంగతి. ఏ సంపాదకుడి అనుమతీ అడక్కుండానే ఆ ఆడవాళ్లు చేసుకుంటున్నారు. 'హిందూ' అని పేరు పెట్టుకున్న పత్రికని చదివేటప్పుడు వాళ్లు ఆ పేరులో ఉన్నారా అని కూడా అడగాలి.