మిగతా తన్ఖా ఎవరిస్తున్నారు?

మొన్న జుమా రోజు మగ్రిబ్ నమాజు చదువుకుని ఇంటికొచ్చేసరికి కర్నూలు నుంచి మా ఆపా ఫోను. "రే, నీ భాంజాకి హైదరాబాద్‌లో నౌకరీ వచ్చింది. నెలకు పదహారు వేలంట. హౌ అనాల్నా, నక్కో అనాల్నా? సోమవారంలోపల చెప్పాలంట" అంది.

వాడు ఈ ఏడే బీకాం కంప్యూటర్స్ పాసయ్యాడు.  నౌకరీ ఏమిటంటే, నలభై మంది పనిచేసే ఒక కంపెనీలో షాపులవాళ్ల, చిన్న ఫ్యాక్టరీలవాళ్ల అకౌంట్స్ రాయడం. వారానికి ఆరు రోజులు, పొద్దున తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం ఆరున్నర దాకా. జుమాకి గంటసేపు వదులుతారా అని ఇంటర్వ్యూలోనే అడిగి తెలుసుకున్నాడట, మాషా అల్లాహ్.

ఇంట్లో అప్పటికే రెండు పార్టీలు తయారయ్యాయి. వాళ్ల బడే అబ్బాది మొదటి పార్టీ. "డిగ్రీ చదివి పదహారు వేలకు పరాయి ఊరు పోతాడా? ఇక్కడ మన మొబైల్ షాపులో కూర్చుంటే పన్నెండు వేలు నేనిస్తా, ఇంటి అన్నం తింటాడు. రేపు రిష్తా మాట్లాడేటప్పుడు తన్ఖా ఎంతని చెప్తారు? లోగాఁ క్యా బోల్తే?" రెండో పార్టీ మా అమ్మీది. "రిజ్క్ వచ్చి తలుపు కొడితే కాదనకూడదు బేటా. శుక్ర్ చేయి, సబర్ చేయి, పెంచేవాడు అల్లాహ్."

ఈ రెండు మాటలూ మన ఇళ్లలో అందరూ విన్నవే. ఒకటి ఇజ్జత్ మాట, రెండోది సబర్ మాట. చాలా ఏళ్లు నేను రెండో పార్టీలో ఉన్నాను. ఎందుకున్నానో, ఇప్పుడు ఎందుకు లేనో చెప్తాను.

2003లో నేను ఒక పత్రికలో ట్రైనీగా చేరాను. ఉర్దూ మీడియం బడిలో చదివి, తెలుగులో డిగ్రీ చేసినవాణ్ని. తెలుగు పత్రిక డెస్కు మీద నన్ను కూర్చోనిస్తున్నారంటేనే నాకు ఈద్. స్టైపెండ్ 2,500. చిక్కడపల్లిలో ముగ్గురం కలిసి గది తీసుకున్నాం. నెలాఖరు వారం చాయ్, బన్నుతో గడిచేది. తర్వాత రోజుల్లో ఈ కథని ఎన్ని కాలేజీల్లో, ఎన్ని జల్సాల్లో చెప్పానో లెక్కలేదు. "రెండున్నర వేలతో మొదలుపెట్టాను బేటా, సబర్ చేశాను, అల్లాహ్ ఇచ్చాడు." పిల్లలు చప్పట్లు కొట్టేవారు. నాకూ బాగుండేది.

ఆ కథలో ఒక భాగం నాకే తెలియదు. నెలనెలా పదో తారీఖుకల్లా ఇంటి నుంచి 800 మనీయార్డరు వచ్చేది. ఫారం మీద అబ్బా పేరుండేది. సైకిల్ షాపు బాగానే నడుస్తోందనుకున్నాను. అబ్బా వఫాత్ అయిన చాలా రోజులకు, ఏదో మాటల్లో అమ్మీ చెప్పింది. ఆ డబ్బులు ఆపావి. జాకెట్లు కుట్టి, గల్లీ పిల్లలకు ఖాయిదా, సిపారా చదివించి కూడబెట్టినవి. బీఎడ్ కోసం దాచుకున్నవి. "భాయ్ నిలదొక్కుకోనీ, వచ్చే ఏడు చేరతా" అనుకుందట. ఒక ఏడు పోయింది. రెండో ఏడూ పోయింది. మూడో ఏడు మంచి రిష్తా వచ్చింది. ఆపా బీఎడ్ చేయనేలేదు.

అంటే నా తన్ఖా 2,500 కాదు, 3,300. అందులో 800 మా ఆపా ఇచ్చింది. ఈ సంగతి కంపెనీకి తెలియదు, నాకూ తెలియదు. తెలిసినా ఆ నౌకరీలో చేరేవాణ్నేమో. కానీ ఎన్నాళ్లు ఇవ్వగలవు, దేన్ని ఆపుకుని ఇస్తున్నావు అని అడిగేవాణ్ని. ఆ సవాల్ నేను ఎవరినీ అడగలేదు. అడగకుండా గడిపేసినదానికి సబర్ అని పేరు పెట్టుకున్నాను. సబర్ చేసింది ఆపా.

అందుకే నా రాయి ఇది. డిగ్రీ తర్వాత తక్కువ తన్ఖా నౌకరీ వస్తే అది ఇజ్జత్‌కి తగిందా కాదా అని కొట్టుకోనక్కరలేదు. మనిషి బతకడానికి సరిపోని తన్ఖా కంపెనీ ఇస్తే, మిగతాది ఇంకెవరో ఇస్తూనే ఉంటారు. వాళ్లెవరు, ఎంత ఇస్తున్నారు, ఎప్పటిదాకా ఇస్తారు? ఈ మూడూ ఇంట్లో అందరూ కూర్చుని బయటికి చెప్పుకున్నాక హౌ అన్నా సరే, నక్కో అన్నా సరే.

భాంజాని ఆఫర్ లెటర్ వాట్సాప్‌లో పంపమన్నాను. ఏడాదికి 1,92,000 అని ఉంది. పదహారు వేలు అన్నది ఈ అంకెను పన్నెండుతో భాగిస్తే వచ్చింది. కానీ దాన్ని సీటీసీ అంటారు. పీఎఫ్‌కి, ఈఎస్‌ఐకి కంపెనీ కట్టే వాటా కూడా అందులోనే కలిపి రాశారు. అది పోను, వీడి వాటా కోతలు పోను, చేతికొచ్చేది 13,600 చిల్లర. ఇంట్లో రెండు పార్టీలూ కొట్టుకుంటున్నది అసలు రాని పదహారు వేల మీద!

కోతలన్నీ నష్టం కాదు, అదీ చెప్పాలి. పీఎఫ్ వాడి పేరనే జమ అవుతుంది. నెలకు 21,000 లోపు తన్ఖా ఉన్నవాళ్లకు ఈఎస్‌ఐ వర్తిస్తుంది, జబ్బు చేస్తే ఆస్పత్రి ఉంటుంది. మొబైల్ షాపు పన్నెండు వేలల్లో ఈ రెండూ లేవు.

ఇక ఖర్చు. నలుగురుండే గదిలో హాస్టల్, రెండు పూటలా భోజనంతో 7,000. మధ్యాహ్నం తిండి, చాయ్ 2,200. బస్సు, షేర్ ఆటో 1,300. ఫోన్ రీచార్జి 350. నెలకోసారి ఇంటికి రాకపోకలు 900. సబ్బు, బట్టలు, హజామత్, చిల్లర మల్లర 800. మొత్తం 12,550. మిగిలేది వెయ్యి రూపాయలు. ఒక్క జ్వరంతో అదీ పోతుంది. పైగా మొదటి తన్ఖా నెల పనిచేశాక, ఆ పైనెల ఏడో తారీఖున పడుతుంది. అప్పటిదాకా తిండి, హాస్టల్ అడ్వాన్సు, రెండు జతల బట్టలు, బూట్లు కలిపితే చేరడానికే 22,000 దాకా కావాలి.

ఇంకో లెక్క కూడా ఉంది. అది ఎవరూ రాయరు. వాడు కర్నూలులో షాపులో కూర్చుంటే నెలకు పది వేలు ఇంట్లో ఇవ్వగలడు. హైదరాబాద్ పోతే ఇవ్వలేడు. అంటే ఏడాదికి లక్షా ఇరవై వేలు ఆ ఇల్లు వదులుకుంటోంది. మా బావగారు ఆటో నడుపుతారు. ఫైనాన్సు కిస్తీ ఇంకా ఉంది. చిన్నమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. వచ్చే ఏడు బీఎస్సీ నర్సింగ్ చేస్తానంటోంది.

"మరి చిన్నదాని చదువో?" అని అడిగాను.

"చూద్దాంలే రే. ఆడపిల్లే కదా, ఒక ఏడు ఆగితే ఏమైతది" అంది ఆపా.

ఈ ముక్క విన్నాకే ఇది రాయడానికి కూర్చున్నాను. ఇరవై ఏళ్ల కింద తన గురించి తను అనుకున్న మాటే, ఇప్పుడు కూతురి గురించి అంటోంది. మన ఇళ్లలో కొడుకు మొదటి నౌకరీ మిగతా తన్ఖా చాలాసార్లు కూతురి ఖాతా నుంచే పోతుంది. ఆమె సంతకం కూడా ఎవరూ అడగరు.

తెలుగువాళ్లు లెక్కలకు వాడే మాటలు చూడండి. జమ, ఖర్చు, బాకీ, వసూలు, కిరాయి, హక్కు. అన్నీ అరబీ, ఫార్సీ నుంచి మన జబాన్‌ల మీదుగా తెలుగులోకి వచ్చినవే. మన ఇళ్లలో మాత్రం ఆ హిసాబ్ కాగితం మీద పెట్టమంటే సిగ్గు. "అయినవాళ్ల మధ్య లెక్కలేంటి" అంటాం. లెక్క రాయకపోతే బాకీ పోదు కదా. నోరు లేనివాళ్ల మీద పడుతుంది.

ఇక కంపెనీ ఏమిస్తుందో చూద్దాం. డబ్బు తక్కువిస్తే హునర్ ఎక్కువివ్వాలి. వాడి పనిలో దాన్ని కొలవడం తేలిక. ఏడాది పొడుగునా బిల్లులు చూసి కంప్యూటర్‌లో ఎక్కించడమే అయితే, రెండో ఏడు కూడా వాడి విలువ అంతే. అలా కాకుండా నెలనెలా 11లోపు జీఎస్‌టీఆర్-1, 20లోపు 3బీ వేయడం, టీడీఎస్ చూడడం, బ్యాంకు లెక్కతో పుస్తకం లెక్క సరిపెట్టడం చేతికిస్తే, ఏడాది తర్వాత వాణ్ని అడిగే ఆఫీసులు వేరే ఉంటాయి. ఇది కంపెనీ మేనేజరును అడిగితే తీపి కబుర్లు చెప్తాడు. అక్కడ ఏడాదిగా పనిచేస్తున్న కుర్రాణ్ని చాయ్‌కి పిలిచి అడిగితే నిజం తెలుస్తుంది.

కొన్ని షర్తులకు మాత్రం తన్ఖా ఎంతైనా నక్కో అనాల్సిందే. ఒరిజినల్ సర్టిఫికెట్లు మా దగ్గర పెట్టు అంటే వద్దు. చేరడానికి డిపాజిట్ కట్టు అంటే వద్దు. రెండేళ్ల బాండు అంటే, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో చదవకుండా సంతకం వద్దు.

అమ్మీ లాంటి పెద్దలు తవక్కుల్ అంటారు. నిజమే. కానీ సూరె ఖసస్‌లో మూసా అలైహిస్సలాం కిస్సా గుర్తు చేసుకోండి. మిస్ర్ నుంచి ప్రాణాలు దక్కించుకుని మద్‌యన్ చేరినప్పుడు ఆయనకు ఇల్లు లేదు, తిండి లేదు. అంతకంటే మజ్బూరీ ఏముంటుంది? అయినా అక్కడి పెద్దాయన పనిలో పెట్టుకునేటప్పుడు ముద్దత్ ముందే మాట్లాడుకున్నారు. ఎనిమిదేళ్లు. పదేళ్లు చేస్తే అది మూసా గారి మర్జీ. కష్టపెట్టనని ఆయన ముందే చెప్పాడు. మజ్బూరీలో ఉన్నవాడికి కూడా షర్తులు అడిగే హఖ్ ఉంది. అడిగితే తవక్కుల్ తగ్గిపోదు.

ఇంకొక్క మాట మన జమాత్ పెద్దలకు. 2006లో సచార్ కమిటీ నివేదిక మన గురించి చెప్పినవాటిలో ఇదొకటి: సొంత చిన్నాచితకా పనుల్లో మనం ఎక్కువ, నెల తన్ఖా వచ్చే నౌకరీల్లో తక్కువ. వివక్ష ఉంది, చదువు తక్కువ ఉండింది, కారణాలు చాలా. ఆ తర్వాత 2007లో నాలుగు శాతం రిజర్వేషన్, దాంతో పాటు ఫీజు రీయింబర్స్‌మెంట్ వల్ల మన పిల్లలు చాలామంది డిగ్రీల దాకా వచ్చారు. వచ్చి, నౌకరీ గడప దగ్గర ఈ 22,000 లేక వెనక్కి మళ్లి షాపులో కూర్చుంటున్నారు, లేదా గల్ఫ్ వీసాకి అంతకు పదింతలు అప్పు చేస్తున్నారు. ఫీజులకు జకాత్ ఇస్తున్నాం, అల్‌హమ్దులిల్లాహ్. పట్టా చేతికొచ్చాక మొదటి రెండు నెలలకు ఖర్జె హసనా ఇచ్చే ఏర్పాటు ప్రతి మొహల్లాలో ఎందుకు ఉండకూడదు? తన్ఖా మొదలయ్యాక నెలకు వెయ్యి చొప్పున తిరిగి కడతారు. ఆ డబ్బు ఇంకో పిల్లకో పిల్లాడికో పోతుంది.

ఇల్లు మోయలేకపోతే నక్కో అనడం నాషుక్రీ కాదని కూడా చెప్పాలి. కిస్తీలు నెత్తి మీదుండి, తండ్రి మంచాన పడి ఉంటే, ఊళ్లో షాపులో కూర్చున్న గ్రాడ్యుయేట్‌ని చూసి ఎవరూ నవ్వక్కర్లేదు. వాడు హిసాబ్ తెలిసినవాడు.

ఆదివారం ఆపాకి ఫోన్ చేశాను. "పంపు. పన్నెండు నెలల ముద్దత్. ఏడాదికి రిటర్నులు వేసే పని చేతికి రాకపోతే, తన్ఖా పెరగకపోతే, ఇంకోటి వెతుక్కోవాలి. చేరే ఖర్చు 22,000 నేనిస్తా. చిన్నదాని ఫీజులో ప్రభుత్వం ఇవ్వగా మిగిలేది కూడా నాదే. దాని అడ్మిషన్ ఒక్క రోజు కూడా ఆగకూడదు."

"నువ్వెందుకు ఇస్తావు?"

"నీకు బాకీ ఉన్నా."

"ఏం బాకీ?"

చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "అవన్నీ ఎవరు గుర్తు పెట్టుకుంటారు రే" అంది.

భాంజాని ఒక నోటు పుస్తకం కొనమన్నాను. బీకాం చదివినవాడు కదా, అడ్డగీతలు గీసి నీట్‌గా రాశాడు. జమ వైపు మొదటి వరుసలో మామూ, 22,000. ఫోటో తీసి పంపాడు. ఐదు నిమిషాల తర్వాత ఆపా ఫోను.

"పరుపు, దుప్పటి, టిఫిన్ డబ్బా నేను కొన్నా. 1,450 అయింది. అది కూడా రాయమను."