ధర్నాకు ఎర్రజెండా, ఓటుకు వేరే గుర్తా?



కొన్నేళ్ల కింద మా ఊరి పోడు చేలల్లో మోకాలెత్తు పెరిగిన పత్తి మొక్కల్ని అటవీ సిబ్బంది పీకేశారు. ఆ రాత్రి మేం ఫోన్ చేసింది గెలిచిన ఎమ్మెల్యేకు కాదు, ఎన్నికల్లో ఓడిపోయిన ఎర్రజెండా పార్టీ వాళ్లకు. తెల్లారి ఏడింటికల్లా ముగ్గురు రెండు బండ్ల మీద వచ్చారు. మూడు రోజులు మాతోపాటే ఆఫీసు ముందు కూర్చున్నారు. మిగిలిన చేలు దక్కాయి.

ఆ తర్వాత వచ్చిన అసెంబ్లీ ఎన్నికల్లో మా బూత్‌లో ఆ పార్టీకి పడ్డ ఓట్లు ధర్నాలో కూర్చున్న వాళ్లలో సగం కూడా లేవు. ఇదేమిటని మా ఊరి పెద్దమనిషిని అడిగితే ఉన్నమాట చెప్పాడు: "తమ్మీ, గెలిచేటోనికి ఏస్తే రేపు పోయి ఏదన్నా అడగొచ్చు. వీళ్లకు ఏసినా ఏయకున్నా పిలిస్తే వస్తరు గదా!"

ఈ మాట గురించే ఈసారి మాట్లాడుకుందాం. మన సంఘంలో అన్ని పార్టీల వాళ్లూ ఉన్నారు. ఫలానా గుర్తుకు ఓటేయమని సంఘం ఎన్నడూ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పదు. కానీ పోరాటానికి ఒకరిని, పదవికి ఇంకొకరిని ఎంచుకునే ఈ అలవాటు వల్ల రైతుకు ఒరిగిందేమిటో లెక్క చూసుకోవాలి.

మన ఇల్లందు సంగతే చూద్దాం. చిన్న ఎం.ఎల్. పార్టీ తరఫున గుమ్మడి నర్సయ్య గారు ఇక్కడ ఐదుసార్లు గెలిచారు: 1983, 1985, 1989, 1999, 2004లో. ఆ గెలుపు డబ్బుతో వచ్చింది కాదు. పోడు భూముల కోసం, తునికాకు కట్ట రేటు కోసం ఏళ్ల తరబడి తిరిగితే వచ్చింది. ఐదుసార్లు ఎమ్మెల్యేగా చేసిన మనిషి ఎంత సాదాగా బతుకుతున్నారో ఈ జిల్లాలో ఎవరినడిగినా చెబుతారు. 2009లో ఆయన ఓడిపోయారు. తర్వాత ఏమైంది? 2014లో, 2018లో ఇక్కడ ప్రతిపక్షం గుర్తు మీద గెలిచిన ఇద్దరూ అధికార పార్టీలోకి వెళ్లిపోయారు. "గెలిచేటోనికి" వేసిన ఓటు మనల్ని అడక్కుండానే పక్క గుమ్మం ఎక్కింది.

అయితే తప్పంతా ఓటరు మీద వేస్తే అది మనల్ని మనం మోసం చేసుకోవడమే. ఎర్రజెండా పార్టీలను మేం ఎదురుగా నిలబెట్టి అడగాల్సినవీ ఉన్నాయి.

1994లో ఇదే ఇల్లందులో నర్సయ్య గారిని ఓడించింది భూస్వామి పార్టీ కాదు, సీపీఐ. ఒకే కూలీ ఓటు కోసం రెండు ఎర్రజెండాలు కొట్లాడాయి. 2013లో న్యూడెమోక్రసీ రెండు ముక్కలైంది. ఏ సిద్ధాంతం మీద విడిపోయారో నాగలి పట్టేవాడికి ఈనాటికీ ఎవరూ అర్థమయ్యేలా చెప్పలేదు. పార్టీ ఫిరాయింపు జబ్బు ఎర్రజెండాకు అంటదని అనుకోవడానికీ లేదు. 2014లో దేవరకొండలో సీపీఐ తరఫున గెలిచిన ఎమ్మెల్యే కూడా తర్వాత అధికార పార్టీలో చేరారు.

పొత్తుల సంగతి మరీ బాధాకరం. 2022లో మునుగోడు ఉప ఎన్నికలో సీపీఐ, సీపీఎం రెండూ టీఆర్ఎస్‌కు మద్దతిచ్చాయి. ఏడాది తిరక్కుండానే ఆ పార్టీ వీళ్లకు ఒక్క సీటూ వదలకుండా అభ్యర్థుల జాబితా ప్రకటించింది. 2023లో సీపీఐ కాంగ్రెస్‌తో కలిసి కొత్తగూడెం ఒక్కటీ గెలిచింది. సీపీఎం విడిగా పోటీ చేసి అన్నిచోట్లా ఓడింది. ఈ బేరసారాలన్నిటిలో సీట్ల సంఖ్య గురించి విన్నాం. కౌలు రైతు మాట, పోడు మాట, కొనుగోలు కేంద్రం మాట ఎవరైనా కాగితం మీద రాయించుకున్నారా? ఊళ్లలో మాకైతే అలాంటి కాగితం ఎవరూ చూపించలేదు.

"ఒకరిద్దరు గెలిచి ఏం చేస్తారు?" అని అడిగేవాళ్లున్నారు. 2006 అటవీ హక్కుల చట్టాన్ని గుర్తు చేసుకోండి. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న గిరిజనుడి పోడుకు హక్కు ఇచ్చింది ఆ చట్టమే. అది రావడానికి ఆదివాసీల పోరాటాలు ఒక కారణమైతే, ఆనాటి కేంద్ర ప్రభుత్వం 60 మంది దాకా ఉన్న వామపక్ష ఎంపీల మద్దతు మీద నిలబడి ఉండటం ఇంకో కారణం. 2023లో తెలంగాణలో 4 లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలిచ్చారంటే దానికి వేరు ఆ చట్టంలోనే ఉంది. తక్కువ మందే అయినా సరైన చోట నిలబడితే పని జరుగుతుంది.

ఇంకోటి. 2000లో కరెంటు చార్జీల పెంపు మీద వామపక్షాలు ముందుండి ఉద్యమం నడిపాయి. ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పుల్లో ముగ్గురు ప్రాణాలిచ్చారు. 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది. ఆ పేరు సంతకం పెట్టిన వారికి దక్కింది, నెత్తురు చిందించిన వాళ్ల పేర్లు మన పిల్లలకు తెలియవు. పంట వేసిందొకరు, కల్లం ఎత్తుకుపోయిందొకరు!

అందుకే మేం మూడు మాటలు ముందుకు పెడుతున్నాం.

ఒకటి, ఎర్రజెండా పార్టీలు వచ్చే అసెంబ్లీ ఎన్నికల్లో ఒక నియోజకవర్గంలో ఒక్క అభ్యర్థినే నిలపాలి. ఒకరి మీద ఒకరు పోటీ చేసుకుంటే మా ధర్నా టెంట్‌లో పక్కపక్కన కూర్చోవడానికి అర్థం లేదు.

రెండు, ఎవరితో పొత్తు పెట్టుకున్నా సీట్ల కంటే ముందు రైతు డిమాండ్లు కాగితం మీదికి రావాలి. 2011లో కౌలు రైతులకు గుర్తింపు కార్డుల చట్టం వచ్చింది. 2018లో మొదలైన రైతుబంధు పాసుబుక్కు ఉన్నవాడికే అందింది, దున్నేవాడికి అందలేదు. 2025 జనవరిలో రైతు భరోసా వచ్చినప్పుడూ కౌలు రైతు గడప బయటే ఉన్నాడు. పొత్తు కాగితంలో మొదటి వాక్యం అతని గురించి ఉండాలి.

మూడోది మనకు. ఓటు ఎవరికైనా వేసుకుందాం. కానీ వేసేముందు మన పత్తి పీకినప్పుడు, మన వడ్లు కల్లంలో తడిసినప్పుడు ఎవరు వచ్చారో ఇంట్లో ఆడవాళ్లతో, పిల్లలతో కూర్చుని ఒకసారి లెక్క వేసుకుందాం.

పిలిస్తే ఎట్లాగూ వస్తారన్న ధీమా ఎల్లకాలం చెల్లదు. ఆనాడు మా ఊరికి వచ్చిన ముగ్గురిలో ఒకాయన ఇప్పుడు మంచం మీద ఉన్నాడు. ఇంకొకాయన కొడుకు దగ్గరికి హైదరాబాద్ వెళ్లిపోయాడు. మిగిలింది ఒక్కరే, ఆయనకు డెబ్బై దాటాయి. రేపు మళ్లీ చేలల్లోకి సిబ్బంది దిగితే ఎవరికి ఫోన్ చేయాలో ఇప్పుడే ఆలోచించుకుందాం.