ఆటలో అరటిపండు కాకూడదు మన తెలుగు

2022 నవంబరు 22, మంగళవారం మధ్యాహ్నం షిఫ్టు బడికి వెళ్లిన పిల్లలు సాయంత్రం గేటు దాటగానే అడిగిన మొదటి మాట ‘ఎంతయింది?’ అని. జవాబు విని చాలామంది నమ్మలేదు. సౌదీ అరేబియా 2, అర్జెంటీనా 1. వరుసగా 36 మ్యాచ్‌లలో ఓటమి ఎరుగని జట్టు, మెస్సీ నాయకుడిగా ఉన్న జట్టు, ప్రపంచ కప్‌లో తొలి మ్యాచ్‌లోనే ఓడింది. నాగ్‌పాడా జంక్షన్ నుంచి కామాటిపురా గల్లీల దాకా ఆ సాయంత్రం అదే చర్చ. నీలం తెలుపు చారల చొక్కా వేసుకున్నవాడు ఇంటి మెట్ల మీద మొహం మాడ్చుకుని కూర్చున్నాడు. పసుపు చొక్కావాళ్లు, అంటే బ్రెజిల్ వాళ్లు, వాణ్ణి ఆటపట్టించారు. మర్నాడు జపాన్ 2-1 తేడాతో జర్మనీని ఓడించింది. ఇంకేముంది, ఎవరికి వారు పండితులే.

మన దేశం ఆ 32 జట్లలో లేదు. అయినా ఆ నెల 20న ఖతర్, ఈక్వడార్ ఆడిన తొలి మ్యాచ్ నుంచి మన గల్లీల్లో నిద్ర తగ్గింది. బాస్కెట్‌బాల్‌కు పేరు పడ్డ నాగ్‌పాడాలో నాలుగేళ్లకు ఒకసారి ఫుట్‌బాల్‌ది పైచేయి అవుతుంది. ఇందులో తప్పు లేదు. మేము అడగదలచింది ఒక్కటే. మన పిల్లలు ఇంత ఇష్టంగా చేసే ఈ చర్చ ఏ భాషలో సాగుతోంది?

జవాబు అందరికీ తెలుసు. గల్లీ హిందీలో సాగుతుంది. మధ్యలో మరాఠీ వస్తుంది, ఉర్దూ వస్తుంది. తెలుగు ఎప్పుడు వస్తుందంటే, పై అంతస్తు గ్యాలరీలోంచి అమ్మ ‘అన్నానికి రారా’ అని కేకేసినప్పుడు. అన్నానికి, అలకకు, దేవుడి దండానికి తెలుగు. వాదనకు, గెలుపుకు, సంబరానికి వేరే భాష. పిల్లల ఆటల్లో ‘అరటిపండు’ అని ఒకడు ఉంటాడు. చిన్నవాడు కదా అని వాణ్ణి ఆటలోకి రానిస్తారు, కానీ వాడు ఔటయినా లెక్క లేదు, గెలిచినా లెక్క లేదు. ముంబయిలో మన పిల్లల నోట తెలుగు ఆ అరటిపండు అయిపోతోందన్నదే మా దిగులు.

దీనికి పిల్లల్ని తప్పుపట్టలేం. 2022 ప్రపంచ కప్‌ను ఫోన్లలో ఉచితంగా చూపించిన జియోసినిమాలో ఇంగ్లీషు, హిందీతో పాటు బెంగాలీ, మలయాళం, తమిళంలో వ్యాఖ్యానం ఉండేది. తెలుగు లేదు. కోట్ల మంది మాట్లాడే భాషకు ఆ కుర్చీ దక్కలేదు. వినని మాట పిల్లల నోట ఎలా వస్తుంది?

తెలుగు బడుల తరగతి గదుల్లో బెంచీలు ఖాళీ అవుతున్న సంగతి ఈ పేజీ చదివేవారికి కొత్త కాదు. ముంబయి మహానగర పాలిక ఎనిమిది భాషల్లో బడులు నడుపుతోంది. వాటిలో తెలుగు ఒకటి. పుణెలోని బాలభారతి తెలుగులోనూ పాఠ్యపుస్తకాలు అచ్చువేస్తోంది. భాషాపరమైన మైనారిటీల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటు చేయాలని రాజ్యాంగంలోని 350-ఏ అధికరణం 1956 నుంచి చెబుతూనే ఉంది. గది ఉంది, పుస్తకం ఉంది, హక్కు ఉంది. అయినా తల్లిదండ్రులు ‘తెలుగుతో బయట ఏం పని?’ అని అడుగుతున్నారు. ఆ ప్రశ్నను కొట్టిపారేయడం తేలిక, జవాబు చెప్పడం కష్టం. పిల్లవాడికి నిజంగా ఇష్టమైన పనుల్లో తెలుగుకు చోటు దొరికితేనే ఆ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

ఫుట్‌బాల్ మనకు పరాయి ఆట కూడా కాదు. ఈ ఊళ్లోనే, కూపరేజ్ మైదానంలో, 1891లో మొదలైన రోవర్స్ కప్ ఆడేవారు. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు ఆ కప్పును ఎగరేసుకుపోయింది హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు. కామాటిపురాకు ఆ పేరు రావడానికి కారణమైన కామాటీలు పద్దెనిమిదో శతాబ్దం చివరి నుంచి రాళ్లు మోసి, మట్టి తవ్వి ఈ నగరాన్ని కట్టడానికి వచ్చినవారు. వారిలో ఎక్కువమంది ఆ హైదరాబాద్ రాజ్యం పల్లెలవారే. వాళ్ల ఊరి రాజధాని నుంచి వచ్చిన జట్టు బొంబాయిలో ఐదేళ్లు తిరుగులేకుండా గెలిచింది.

ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం ఒక బడిపంతులు. ఇది మన ఉపాధ్యాయులు గుర్తుంచుకోవలసిన సంగతి. హైదరాబాద్ బడుల్లో పాఠాలు చెప్పిన మనిషి భారత జట్టుకు శిక్షకుడై 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల స్వర్ణాలు తెచ్చాడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆయన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. ఆ జట్టులో హైదరాబాదీలు పలువురు. ఆస్ట్రేలియాపై 4-2తో గెలిచిన మ్యాచ్‌లో మూడు గోళ్లు కొట్టిన నెవిల్ డిసౌజా బొంబాయిలో ఆడిన ఆటగాడు. మన రెండు ఊళ్లూ కలిసి ఆడిన ఈ కథ ఎంతమంది పిల్లలకు తెలుసు?

2022లో ఆట జరిగిన చోటుతోనూ మనకు చుట్టరికం ఉంది. బొంబాయి, బొగ్గుబాయి, దుబాయి అని తెలంగాణ పల్లెల్లో ఒక మాట ఉంది. పొట్ట చేతపట్టుకుని పోయే దారులవి. మొదటి దారిలో వచ్చిన వారి మనుమలం మనం. మూడో దారిలో పోయిన కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల జిల్లాల వారు గల్ఫ్ దేశాలన్నిటా ఉన్నారు, ఖతర్‌లోనూ ఉన్నారు. ఈ కప్పు కోసం సాగిన నిర్మాణాల్లో వలస కూలీలు ఎందరు ప్రాణాలు పోగొట్టుకున్నారన్న లెక్కపై ప్రపంచమంతా వాదన నడిచింది. మెరిసే స్టేడియాన్ని టీవీలో చూస్తున్న కామాటిపురా పిల్లవాడికి, అది కట్టిన చేతులు తన తాత చేతుల్లాంటివేనని ఎవరు చెప్పాలి? ఆ మాట తెలుగు బడి పంతులుగారు చెబితేనే అతికినట్టుంటుంది.

ఇక బడిలో ఏం చేయవచ్చో చూద్దాం. ఆ మంగళవారం మ్యాచ్‌లో మొదటి సగంలోనే అర్జెంటీనా మరో మూడుసార్లు బంతిని గోలులోకి పంపింది. మూడూ ఆఫ్‌సైడ్ అని కొట్టేశారు. ఆ మూడింటి మీదే గల్లీల్లో పెద్ద గొడవ. ఐదో తరగతి పిల్లల్ని నిలబెట్టి, ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో తెలుగులో చెప్పమనండి. మొదట తడబడతారు. తర్వాత ఇలా చెబుతారు: మనవాడు బంతిని ముందుకు తన్నిన క్షణంలో, దాన్ని అందుకోబోయేవాడు అవతలి జట్టు సగంలో ఉన్నాడా? బంతి కన్నా, అవతలి జట్టులో చివరి నుంచి రెండో మనిషి కన్నా గోలుకు దగ్గరగా ఉన్నాడా? రెండూ అవునంటే ఆఫ్‌సైడ్. సమానంగా ఉంటే కాదు. చేతులు లెక్కలోకి రావు. తల, ఒళ్లు, పాదాలే లెక్క.

ఈ నాలుగు వాక్యాలు చెప్పగలిగిన పిల్లవాడు వ్యాసరచన నేర్చుకున్నట్టే. ‘క్షణంలో’ అన్నది ఎందుకు ముఖ్యమో, ‘కన్నా’కు ‘సమానం’కు తేడా ఏమిటో వాడికి తెలిసిపోయింది. ఆ ప్రపంచ కప్‌లో స్టేడియం కప్పు కింద 12 కెమెరాలు ఆటగాళ్లను కనిపెట్టాయి. బంతిలోని పరికరం సెకనుకు 500 సార్లు సమాచారం పంపింది. సైన్సు పాఠానికీ ఇంతకన్నా మంచి మొదలు దొరకదు.

ఆఫ్‌సైడ్, పెనాల్టీ, కార్నర్ వంటి మాటలకు తెలుగు పదాలు పుట్టించమని మేము అనడం లేదు. అవి అలాగే ఉండనివ్వండి. భాష బతికేది క్రియల్లో. తన్నాడు, తప్పించాడు, దూసుకుపోయాడు, అడ్డుపడ్డాడు, ఒడిసిపట్టాడు, గురి తప్పాడు. ఇవన్నీ మనవే. ‘గోల్ మారా’ అనే నోటితో ‘గోలు కొట్టాడు’ అనిపించగలిగితే చాలు.

లెక్కల మాష్టారికీ పని ఉంది. 2022 కప్పు మొదటి విడతలో ప్రతి జట్టూ ఒక్కో మ్యాచ్ ఆడినప్పటి లెక్క చూడండి. సి గ్రూపులో సౌదీకి 3 పాయింట్లు, 0-0తో సమంగా ముగించిన మెక్సికో, పోలండ్‌లకు చెరొకటి, అర్జెంటీనాకు సున్నా. మిగిలిన రెండూ గెలిస్తే అర్జెంటీనా తప్పకుండా ముందుకు పోతుందా? పోతుంది. ఎందుకంటే ఆ రెండు గెలుపులూ మెక్సికో, పోలండ్‌ల మీదే. అప్పుడు ఆ రెండు జట్లకూ నాలుగుకు మించి రావు. మెట్ల మీద మొహం మాడ్చుకున్న పిల్లవాడికి ఈ లెక్క చేసి చూపండి, ఎంత ఊరట పొందుతాడో! దోహాలో ఒంటిగంటకు మొదలైన ఆట మనకు మూడున్నరకు ఎందుకు కనబడిందో చెబితే భూగోళం పాఠం కూడా పూర్తవుతుంది.

తల్లిదండ్రుల భయం మాకు తెలుసు. చదువు పాడవుతుందని, నిద్ర చాలదని. రాత్రి పన్నెండున్నర మ్యాచ్ బడిపిల్లలకు వద్దే వద్దు, ఆ విషయంలో వారి వైపే మేమూ. సాయంత్రం ఆరున్నర మ్యాచ్ చూసి, పొద్దున దాని మీద పది వాక్యాలు రాస్తే చదువు పాడవదు, పదునెక్కుతుంది. ‘తెలుగులో రాయడానికి ఏముంది?’ అనే పిల్లవాడికి ప్రపంచ కప్ నెల రోజులూ రాయడానికి కొదవ ఉండదు.

ఇందులో ఆడపిల్లల్ని పక్కన కూర్చోబెట్టకండి. పురుషుల ప్రపంచ కప్‌కు మహిళా రెఫరీలను ఎంపిక చేయడం 2022లోనే మొదలు. మెక్సికో, పోలండ్ మ్యాచ్‌లో ఫ్రాన్స్‌కు చెందిన స్టెఫానీ ఫ్రాపార్ నాలుగో అధికారిగా నిలబడింది. మన నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య భారత మహిళల జట్టుకు ఆడుతోంది. ఈ పేర్లు గోడ మీద రాసి ఉంటే, ‘ఆట మగపిల్లలది’ అనే మాట దానంతటదే తగ్గుతుంది.

మా కోరికలు చిన్నవి. ప్రతి తెలుగు బడిలో ప్రపంచ కప్ ఫైనల్ ముగిసేదాకా ఒక గోడపత్రిక నడపండి. రోజుకొక పిల్లవాడు లేదా పిల్ల మ్యాచ్ వార్తను తెలుగులో రాయాలి. ప్రార్థన అయ్యాక రెండు నిమిషాలు ఒకరు నోటితో వ్యాఖ్యానం చెప్పాలి. టీవీ ఇవ్వని తెలుగు వ్యాఖ్యానం మన పిల్లలే ఇస్తారు. బడుల ప్రాంగణాలు సాయంత్రం రెండు గంటలు ఆటకు తెరవాలని పాలిక అధికారులను కోరుతున్నాం. మన గల్లీల్లో చేతిబండ్లకూ మోటారు సైకిళ్లకూ మధ్య బంతికి చోటు లేదు. చాళ్లలోని పెద్దలు, ఎవరి తాత కూపరేజ్‌కు వెళ్లి హైదరాబాద్ ఆట చూశాడో, ఆ ముచ్చట పిల్లలకు చెప్పాలి. గోడపత్రికల్లో మంచివి ఈ పేజీకి పంపితే సంతోషంగా అచ్చువేస్తాం.

అర్జెంటీనాను ఓడించిన మర్నాడు సౌదీ రాజు దేశమంతా సెలవు ఇచ్చాడు, బడిపిల్లలకు కూడా. మన బడులకు సెలవు అక్కర్లేదు. రోజుకు అరగంట చాలు. ఆ అరగంటలో పిల్లలు తెలుగులో పోట్లాడుకోనివ్వండి, మెస్సీ గొప్పా, ఎంబాపే గొప్పా అని అరుచుకోనివ్వండి. తప్పులు పోతే పోనివ్వండి, ఎర్రసిరాతో వెంటనే దిద్దకండి. అరటిపండుగా ఉన్న తెలుగు లెక్కలోకి వచ్చేది ఆ అరగంటలోనే.