కొలిచేది ఇంటినే, సంపాదనను కాదు

2025 జనవరి 29న ఇస్రో రాకెట్ జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్15 ఎగిరింది. శ్రీహరికోట నుంచి అది వందో ప్రయోగం. 1971 అక్టోబర్ 9న ఆర్‌హెచ్-125 అనే చిన్న రోహిణి రాకెట్‌తో పని మొదలుపెట్టిన దీవిలో ఇప్పుడు మూడో ప్రయోగ వేదిక కూడా రాబోతోంది. దానికి అదే జనవరిలో కేంద్ర మంత్రివర్గం 3,984.86 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. మరి ఇంత ఆస్తి మీద స్థానిక సంస్థకు దక్కే ఇంటి పన్ను ఎంత? పైసా లేదు. కేంద్ర ప్రభుత్వ ఆస్తి మీద రాష్ట్రం గానీ, రాష్ట్రంలోని పంచాయతీ, మున్సిపాలిటీలు గానీ పన్ను వేయకూడదని రాజ్యాంగం 285వ అధికరణ చెబుతోంది. పన్ను బదులు సేవా రుసుము తీసుకోవచ్చని 2009లో రాజ్‌కోట్ కార్పొరేషన్ కేసు సుప్రీంకోర్టులో ముగిసినప్పుడు తేలింది. ఊరి సేవలన్నీ వాడుకుంటే ఆస్తి పన్నులో 75 శాతం, కొన్నే వాడుకుంటే 50 శాతం, ఏవీ వాడుకోకపోతే 33.33 శాతం.

కేంద్రం దగ్గరికి వచ్చేసరికి వాడకాన్ని బట్టి ఇన్ని మెట్లు కట్టిన వ్యవస్థ, పులికాట్ మీది రోడ్డు దాటి సూళ్లూరుపేటలోకి రాగానే ఆ ఓపిక కోల్పోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఏ మున్సిపాలిటీలోనైనా ఇంటి పన్ను లెక్కకు కావలసిన వివరాలు దాదాపు ఒకటే. ఇల్లు ఎన్ని చదరపు అడుగులు, పైకప్పు స్లాబా, రేకులా, పెంకులా, కట్టి ఎన్నేళ్లయింది, కాపురానికా, కొట్టుకా, సొంతంగా ఉంటున్నారా, అద్దెకిచ్చారా. ఆ ఇంట్లో సంపాదించేవాళ్లు ఎందరు, నెలకు ఎంత వస్తోంది అన్న గడి మాత్రం ఎక్కడా లేదు. ఒకే వీధిలో ఒకే కొలతల ఇళ్లుంటే, ఒకదాంట్లో జీతగాళ్లైన భార్యాభర్తలు, పక్కదాంట్లో పింఛను మీద బతికే ముసలామె ఉన్నా ఇద్దరికీ వచ్చేది ఒకే అంకె.

పన్ను ఆస్తి మీద కాబట్టి ఆస్తినే చూస్తుంది, అందులో వింతేముంది అని అడగొచ్చు. వింత ఇంకోచోట ఉంది. ఇదే ప్రభుత్వం మిగతా అన్ని పనుల్లోనూ మనిషి సంపాదనను చాలా జాగ్రత్తగా లెక్క కడుతుంది. రైస్ కార్డు కావాలంటే కుటుంబ ఆదాయం పల్లెలో నెలకు 10,000, పట్నంలో 12,000 రూపాయలు దాటకూడదు. మాగాణి మూడెకరాలు, మెట్ట పదెకరాలు దాటకూడదు. నెలకు కరెంటు 300 యూనిట్లు మించకూడదు. కారుండకూడదు, ఇన్‌కం ట్యాక్స్ కట్టకూడదు, ఇంట్లో సర్కారీ ఉద్యోగి ఉండకూడదు. బడి పిల్లల తల్లులకు 2025 జూన్‌లో ఇచ్చిన తల్లికి వందనం సాయానికీ ఇదే జల్లెడ పట్టారు. గ్రామ, వార్డు సచివాలయంలో కంప్యూటర్ ముందు కూర్చున్న ఉద్యోగి ఆధార్ నంబర్ కొడితే చాలు, ఈ లెక్కలన్నీ తెర మీదకు వస్తాయి. అర్హత లేదని చెప్పడానికి క్షణం పట్టదు.

ఆ జల్లెడలో ఇంకో కన్నం కూడా ఉంది. పట్టణంలో వెయ్యి చదరపు అడుగులు దాటిన ఇల్లుంటే పథకాలు రావు. ఆ చదరపు అడుగుల లెక్క మున్సిపాలిటీ పన్ను రికార్డుల్లోదే. అంటే ఇంటి పన్ను మనిషి ఆదాయాన్ని పట్టించుకోదు గానీ, ఆదాయాన్ని అంచనా వేసేవాళ్లు మాత్రం ఇంటి పన్ను రికార్డును సాక్ష్యంగా తెచ్చుకుంటారు. తిరుపతి పాత వీధుల్లో మామగారి కాలం నాటి 1,050 అడుగుల పెంకుటింట్లో ఒంటరిగా ఉండే ఒక వితంతువును ఊహించుకోండి. గుడి ఊరు కాబట్టి స్థలం రేటు ఏటా పెరుగుతుంది. రిజిస్ట్రేషన్ విలువ పెరిగితే పన్ను లెక్క పెరుగుతుంది. అదే ఇల్లు ఆమె పింఛనుకూ అడ్డం పడుతుంది. 2024 జూలై నుంచి నెలకు 4,000 రూపాయలైన పింఛను ఆమెకు ఆధారం కావలసింది. దాన్ని ఆపే కొలతా, పన్ను పెంచే కొలతా ఒకటే. ఇల్లు అమ్ముకుంటే తప్ప ఆ ఇల్లు ఆమెకు అన్నం పెట్టదు.

రాష్ట్రంలో పేదలకు ఇంటి పన్నులో అసలు ఊరటే లేదనడం అన్యాయం. 2020 చివర్లో మున్సిపల్ చట్టాలు సవరించి, 2021 ఏప్రిల్ నుంచి అద్దె విలువ పద్ధతి పోయి మూలధన విలువ పద్ధతి వచ్చింది. నివాసాలకు విలువలో 0.10 నుంచి 0.50 శాతం దాకా పన్ను. సొంతదారే ఉంటున్న 375 చదరపు అడుగుల లోపు ఇంటికి ఏడాదికి 50 రూపాయలే. పాత పన్ను మీద ఏటా 15 శాతానికి మించి పెంచకూడదన్న హద్దూ పెట్టారు. ఆ 15 శాతాన్ని దయ అని చెప్పుకోవడం మాత్రం అతిశయోక్తి. ఏటా 15 శాతం చొప్పున ఐదేళ్లు పెరిగితే వెయ్యి రూపాయల పన్ను రెండు వేలు దాటుతుంది. ఐదేళ్లలో రెట్టింపయ్యే కూలి ఏ ఊళ్లో ఉందో చెప్పమనండి.

50 రూపాయల పన్ను మంచిదే, గీత గీసిన చోటే తేడా. టిడ్కో ఇళ్లు పట్టణ పేదల కోసం ప్రభుత్వమే కట్టినవి. అవి మూడు రకాలు: 300, 365, 430 చదరపు అడుగులు. మొదటి రెండూ 375 లోపే. మూడోది 55 అడుగులు ఎక్కువ. ప్రభుత్వమే పేదవాడని గుర్తించి, బ్యాంకు అప్పుతో ఇల్లు కట్టబెట్టిన మనిషి, పన్ను దగ్గరికి వచ్చేసరికి ఆ 55 అడుగుల వల్ల పేదల గడిలోంచి జారిపోతాడు. ఒక ఊహా లెక్క చూద్దాం. ఇంటి విలువ ఎనిమిది లక్షలు, రేటు 0.15 శాతం అనుకుంటే ఏడాదికి 1,200 రూపాయలు. 375 అడుగుల ఇంటికి 50, 430 అడుగుల ఇంటికి 1,200. మధ్యలో మెట్లు లేవు.

తెలంగాణదీ ఇదే దారి. హైదరాబాద్‌లో 1,200 రూపాయల లోపు పన్ను పడే ఇళ్లకు 101 రూపాయలు చాలన్నారు. 2019 మున్సిపాలిటీల చట్టం 75 చదరపు గజాల లోపు స్థలంలో ఒక అంతస్తు దాకా ఇల్లుంటే ఏడాదికి 100 రూపాయలంది. ఇవన్నీ చిన్న ఇంటికి చిన్న పన్ను. చిన్న ఇల్లుంటే పేదవాడు, పెద్ద ఇల్లుంటే ఉన్నవాడు అన్న లెక్క చాలాసార్లు సరిపోతుంది. సరిపోనిచోట దెబ్బ గట్టిగా తగులుతుంది.

అసలు ఆదాయం లేనివాళ్లను పన్ను వ్యవస్థ ఎలా చూస్తుందో తెలియాలంటే రాయితీల తేదీలు చూడాలి. ఏడాది పన్నంతా ఏప్రిల్ 30లోపు ఒక్కసారే కడితే 5 శాతం తగ్గింపు. కట్టకపోతే మొదటి అర్ధ సంవత్సరం బకాయికి జూన్ 30 తర్వాత, రెండోదానికి డిసెంబర్ 31 తర్వాత నెలకు 2 శాతం వడ్డీ. ఏప్రిల్‌లో చేతిలో డబ్బున్నవాడికి తగ్గింపు, లేనివాడికి వడ్డీ. పైగా తూర్పు తీరంలో చేపల వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. విశాఖ, కాకినాడ, మచిలీపట్నంలో మున్సిపాలిటీ హద్దుల్లో ఇళ్లున్న మత్స్యకారులకు ఆ తగ్గింపు గడువు సరిగ్గా పడవలు ఒడ్డున కట్టేసిన రోజుల్లో ముగుస్తుంది. ప్రభుత్వం ఇచ్చే 20,000 రూపాయల వేట విరామ భృతి ఆ రెండు నెలల తిండికే. ఇక 2025 మార్చిలో చేసినట్టు, ఏళ్ల బకాయిల మీద సగం వడ్డీ మాఫీ అప్పుడప్పుడు ప్రకటిస్తారు. అందులోనూ ఆదాయం ప్రసక్తి లేదు. కట్టలేక ఆగినవాడికీ, కట్టగలిగి ఎగ్గొట్టినవాడికీ ఒకే మాఫీ.

బ్రిటన్‌లో కథ వేరు. అక్కడ ఇంటి పన్నును కౌన్సిల్ ట్యాక్స్ అంటారు, 1993 ఏప్రిల్‌లో వచ్చింది. దానికి ముందున్న పోల్ ట్యాక్స్ తలకింత అని వేస్తే జనం వీధుల్లోకి వచ్చారు, ప్రధాని థాచర్ పదవి పోవడంలో దానికీ వాటా ఉంది. కౌన్సిల్ ట్యాక్స్ కూడా ఇంటి విలువను బట్టే పడుతుంది. ఇంగ్లండ్‌లో ఇప్పటికీ 1991 నాటి విలువలే ఆధారం. కానీ దానికి తోడుగా ఆదాయం చూసి ఇచ్చే ఊరట ఒకటుంది. వయసు మళ్లినవాళ్ల విషయంలో ఇంగ్లండ్ అంతటికీ ఒకటే నియమం. కుటుంబం బతకడానికి కావలసింది ఇంత అని ముందే ఒక అంకె వేస్తారు. ఆదాయం దాని లోపలుంటే పన్ను పూర్తిగా పోవచ్చు. దాటితే దాటిన ప్రతి పౌండుకూ 20 పెన్సులు సాయంలోంచి కోస్తారు. వారానికి 30 పౌండ్ల పన్ను పడే ఇంట్లో ఆదాయం ఆ అంకెను 50 పౌండ్లు దాటిందనుకుంటే, సాయం పది పౌండ్లు తగ్గి ఇరవై మిగులుతుంది. ఎవరూ ఒక్క పౌండు ఎక్కువ సంపాదించినందుకు మొత్తం పోగొట్టుకోరు. మన 12,000 రూపాయల గీతకూ దీనికీ తేడా అదే.

అక్కడా అంతా బాగుందనుకోకూడదు. 2013 ఏప్రిల్‌లో కేంద్ర పథకాన్ని రద్దుచేసి, పని వయసువాళ్ల సాయం ఎంతో నిర్ణయించే బాధ్యత ఇంగ్లండ్‌లోని స్థానిక కౌన్సిళ్లకు వదిలేశారు, నిధుల్లో పదో వంతు కోత పెట్టి మరీ. దాంతో చాలా కౌన్సిళ్లు నిరుపేదల చేత కూడా ఎంతో కొంత కట్టించడం మొదలుపెట్టాయి. వీధికి ఇటుపక్క ఒక నియమం, అటుపక్క ఇంకో నియమం. లండన్ ఈస్ట్‌హామ్ వైపు తెలుగు కుర్రాళ్లు అద్దెకు దిగే ఇళ్లలో దీని ఇంకో ముఖం కనిపిస్తుంది. ఫుల్‌టైమ్ విద్యార్థులే ఉన్న ఇంటికి కౌన్సిల్ ట్యాక్స్ లేదు. వాళ్లలో ఒకరు చదువు ముగించి ఉద్యోగంలో చేరితే ఇంటి మీద పన్ను పడుతుంది. లెక్కలోకి వచ్చేది ఒక్కరే కాబట్టి 25 శాతం తగ్గుతుంది, మిగతా 75 శాతం ఆ ఒక్కడి మీదే. జీతం తక్కువ కదా అని సాయం అడుగుదామంటే, వీసా మీద ఉన్నవాళ్లలో చాలామందికి ప్రభుత్వ నిధుల సాయం నిషిద్ధం. ఆదాయం చూసి ఇచ్చే కౌన్సిల్ ట్యాక్స్ సాయం కూడా ఆ నిషిద్ధ జాబితాలోదే.

మన దగ్గర అద్దెకుండేవాళ్ల పేరు రికార్డులో ఉండదు. శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో పనిచేస్తూ తడ, సూళ్లూరుపేటల్లో గదులు తీసుకునే కుర్రాళ్లు ఇంటి పన్ను కట్టరు. పన్ను పెరిగిందని అద్దె పెంచితే మాత్రం మోసేది వాళ్లే. యజమానికి ఇచ్చే ఏ ఊరటా వాళ్ల దాకా రాదు, ఈ చిక్కుకు ఇక్కడ తేలిగ్గా విరుగుడు కూడా కనిపించదు.

ఆదాయాన్ని బట్టి పన్నులో సాయం అనగానే మున్సిపల్ అధికారులు చెప్పే అభ్యంతరం బలమైనదే. రాష్ట్రంలో రైస్ కార్డులు కోటీ నలభై లక్షలకు పైనే. కార్డున్నవాళ్లందరికీ పన్ను తీసేస్తే వీధి దీపాలకు, కాలువలు తీసేవాళ్ల జీతాలకు డబ్బెక్కడిది? అందుకే కార్డునే గీటురాయి చేయకూడదు. పింఛను తప్ప వేరే రాబడి లేని, ఒక్క ఇంట్లో తామే ఉంటున్న ముసలివాళ్లకు, వితంతువులకు, దివ్యాంగులకు పూర్తి మాఫీ ఇవ్వొచ్చు. ఎవరికి పింఛను వస్తోందో సచివాలయం దగ్గర ఇంటింటి జాబితా ఎలాగూ ఉంది. 375 అడుగులు దాటిన రైస్ కార్డు ఇళ్లకు 50 రూపాయల నుంచి అసలు పన్ను దాకా మధ్యలో మూడు నాలుగు మెట్లు పెట్టొచ్చు. నెలసరి వాయిదాల్లో కట్టేవాళ్లకు కూడా ఆ 5 శాతం తగ్గింపు వర్తింపజేయవచ్చు. బ్రిటన్‌లో ఈ పన్నును మామూలుగా పది వాయిదాల్లో కడతారు.

తగ్గిన డబ్బు రాష్ట్రమే మున్సిపాలిటీకి తిరిగి ఇవ్వాలి. 2013లో బ్రిటన్ చేసినట్టు బాధ్యత కింద పెట్టి నిధిలో కోత పెడితే, భారం చివరికి ఇంకో పేదవాడి మీదే పడుతుంది. కేంద్రం తన ఆస్తులకు చెల్లించాల్సిన సేవా రుసుము ఒప్పందాలు ఏ ఏ మున్సిపాలిటీల్లో ఉన్నాయి, ఎంత వస్తోంది అన్నది కూడా మన మున్సిపల్ కౌన్సిళ్లు బడ్జెట్‌తో పాటు ప్రజల ముందు పెట్టాలి.

ఇవి జరిగేదాకా పాఠకులు తమ చేతిలో ఉన్న పని ఒకటి చేసుకోవచ్చు. మీ అసెస్‌మెంట్ నంబర్‌తో సచివాలయానికి వెళ్లి, రికార్డులో మీ ఇల్లు ఎన్ని చదరపు అడుగులని రాశారో, సొంత నివాసమని ఉందో, అద్దె అని ఉందో చూడండి. 380 అని రాసిన ఇల్లు నిజంగా 370 అయితే, వెయ్యి దాటిందన్న ఇల్లు దాటకపోతే, తిరిగి కొలవమని రాతపూర్వకంగా అడిగి రశీదు తీసుకోండి. పన్నుకూ, పింఛనుకూ, తల్లికి వందనానికీ లెక్కలోకి వచ్చేది ఆ అంకే.