జారుడుబల్ల పాటలో జోస్యం!

'నేనే వాల్రస్‌ని' అంటూ ఒకాయన పాడాడు. వాల్రస్ అంటే మంచు సముద్రాల్లో తిరిగే కోరల జంతువు. పాట నిండా ఒకదానికొకటి పొంతన లేని బొమ్మలే. వింటే నవ్వొస్తుంది, కాస్త భయమూ వేస్తుంది. ఇంతకీ అర్థమేమిటి? దొరక్కూడదనే రాశాడు మరి!

1967లో బీటిల్స్ గాయకుడు జాన్ లెనన్‌కు ఓ ఉత్తరం వచ్చింది. రాసింది లివర్‌పూల్‌లో ఆయన చదువుకున్న క్వారీ బ్యాంక్ స్కూలు విద్యార్థి. తమ మాస్టారు క్లాసులో బీటిల్స్ పాటలకు అర్థాలు చెప్పిస్తున్నారన్నది సారాంశం. లెనన్‌కు తమాషాగా అనిపించింది. 'దీనికి చెప్పండి చూద్దాం' అన్నట్టు కొరుకుడుపడని ముక్కలన్నీ ఏరి ఈ పాటలో గుదిగుచ్చాడు.

వాల్రస్‌ను మాత్రం లూయీ కరోల్ 1871లో తెచ్చిన పిల్లల పుస్తకం నుంచి తీసుకున్నాడు. అందులో వాల్రస్ షికారు పేరుతో ఆల్చిప్పల్ని వెంట తీసుకెళ్లి తినేస్తుంది. అది చెడ్డ పాత్ర అని తనకు తర్వాతెప్పుడో తట్టిందని లెననే 1980లో చెప్పాడు. రాసినవాడికీ ఆలస్యంగానే అర్థమైందన్నమాట!

అదే ఏడాది వచ్చింది 'లూసీ ఇన్ ద స్కై విత్ డైమండ్స్'. పేరులోని మూడు ముఖ్యమైన మాటల మొదటి అక్షరాలు కలిపితే ఎల్ఎస్‌డీ. ఇంకేం, మత్తుమందు పాటే అన్నారంతా. కొడుకు జూలియన్ తన క్లాస్‌మేట్ లూసీ బొమ్మ గీసి తెచ్చాడనీ, ఆ పేరు పిల్లాడు చెప్పిందేననీ లెనన్ చెబుతూనే వచ్చాడు. బీటిల్స్ ఆ మత్తు రుచి చూసినవారే కావడంతో చాలామంది నమ్మలేదు.

ఇంతవరకూ సరదానే. 1968లో 'వైట్ ఆల్బమ్' వచ్చింది. అందులో చాలా పాటలు మన రుషీకేశ్‌లో రాసుకున్నవే. 'హెల్టర్ స్కెల్టర్' అనే పాటా ఆ ఆల్బమ్‌లోదే. బ్రిటన్ సంతల్లో బురుజు చుట్టూ మెలికలు తిరిగే జారుడుబల్ల పేరది. చెవులు చిల్లులుపడేంత మోతగా ఓ పాట చేయాలన్నది పాల్ మెకార్ట్‌నీ ముచ్చట.

అమెరికాలో చార్లెస్ మాన్సన్‌కు మాత్రం అందులో నల్లవారికీ తెల్లవారికీ జరగబోయే యుద్ధం వినిపించిందని కోర్టు విచారణలో బయటపడింది. 1969 ఆగస్టులో అతని అనుచరులు లాస్ ఏంజెలెస్‌లో రెండు రాత్రుల్లో ఏడుగురిని చంపారు. వారిలో నటి షరాన్ టేట్ నిండు గర్భిణి. రెండో ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద నెత్తుటితో ఆ పాట పేరు రాసి ఉంది. అదీ అక్షరదోషంతో! యావజ్జీవ శిక్ష అనుభవిస్తూనే 2017లో మాన్సన్ చనిపోయాడు.

పాటలో ఉన్నది జారుడుబల్ల. యుద్ధం విన్నవాడి బుర్రలోది.

అందుకే, ఇంట్లో పిల్లలు వింత పాటేదో పదేపదే వింటుంటే కంగారుపడి కట్టేయమనక్కర్లేదు. పక్కన కూర్చుని 'ఇందులో నీకేం కనిపిస్తోంది?' అని అడిగితే సరి. పాట అర్థం తెలిసినా తెలియకపోయినా, పిల్లల మనసులో ఏముందో కొంత తెలుస్తుంది.